ఆటగాళ్లకు జీతం ఇవ్వండి, ఆ భారం తోటి విద్యార్థుల మీద వేయకండి

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఎన్‌సీఏఏ అధ్యక్షుల వారికి, ప్రధాన కాన్ఫరెన్సుల కమిషనర్లకు, విశ్వవిద్యాలయాల అధ్యక్షులకు, పాలకమండలి సభ్యులకు,

నమస్కారములు. మేము టెక్సాస్‌లో డాలస్ పరిసరాలలో స్థిరపడిన కొందరు తెలుగు తల్లిదండ్రులం. మాలో కొందరి పిల్లలు ఇక్కడి విశ్వవిద్యాలయాల జట్లలో ఈత, టెన్నిస్, పరుగు పందెం వంటి ఆటలు ఆడినవారు. మరికొందరి బంధువుల పిల్లలు హైదరాబాదు, వరంగల్, విజయవాడల నుంచి ఎం.ఎస్. చదవడానికి వచ్చి, ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా చూడకుండానే సెమిస్టరు సెమిస్టరుకూ ఆటల రుసుము కడుతున్నవారు. అందరి తరఫున ఈ లేఖ రాసే పని నాకు అప్పగించారు. నేను ఒక ఈతగత్తె తల్లిని.

ఇందులోని విషయాలను ఇంతకుముందే ఇంగ్లీషులో రాసి పంపాము. విశ్వవిద్యాలయ ఆటల విభాగానికి, పాలకమండలికి, మా ప్రతినిధుల సభ సభ్యుని కార్యాలయానికి వెళ్లిన ఆ లేఖలకు, అందినట్టు తెలిపే అచ్చు సమాధానం తప్ప మరేమీ రాలేదు. అందుచేత ఇప్పుడు బహిరంగంగా, మా భాషలో రాస్తున్నాము. ఇంగ్లీషు ప్రతి మీ కార్యాలయాలకు మళ్లీ విడిగా చేరుతుంది. ఈ తెలుగు ప్రతి, రుసుములు కడుతూ కూడా ఆ సొమ్ము ఎటు పోతోందో తెలియని మా కుటుంబాలు చదువుకోవడానికి. వారి సౌకర్యం కోసం మీకు తెలిసిన సంగతులు కూడా అక్కడక్కడ చెప్పవలసి వస్తుంది, మన్నించండి. ఈ లేఖలో ఫుట్‌బాల్ అన్నది కాలితో తన్నే ఆట కాదు, హెల్మెట్లు పెట్టుకుని, కోలగా ఉండే బంతి కోసం ఒకరినొకరు ఢీకొనే అమెరికా ఆట. ఎన్‌సీఏఏ అంటే ఇక్కడి కాలేజీ ఆటలకు నియమాలు పెట్టే జాతీయ సంస్థ, కాన్ఫరెన్సు అంటే తమలో తాము పోటీలు ఆడుకునే విశ్వవిద్యాలయాల కూటమి.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. ఆటగాళ్లకు డబ్బు ఇవ్వడాన్ని మేము వ్యతిరేకించడం లేదు. ఎన్నడో ఇవ్వవలసినది ఇంత ఆలస్యంగా, అదీ కోర్టులు మెడలు వంచితే ఇస్తున్నారన్నదే మా అభిప్రాయం. మా అభ్యంతరం ఇచ్చే పద్ధతి మీద, ఎవరి దగ్గర తీసి ఎవరికి ఇస్తున్నారన్న దాని మీద.

డబ్బు కోసం కాక ఆట కోసమే ఆడాలన్న ఆదర్శం పేరుతో మీ సంస్థలు వంద సంవత్సరాలకు పైగా ఆటగాళ్లకు చెల్లింపు నిరాకరించాయి. ఆ ఆదర్శం పుట్టుకలోనే అంత స్వచ్ఛంగా లేదు. ఈ దేశంలో రెండు కాలేజీల మధ్య జరిగిన తొలి పోటీ 1852లో న్యూహాంప్‌షైర్ సరస్సులో హార్వర్డ్, యేల్ విద్యార్థుల పడవ పందెం కాగా, దాని ఖర్చు భరించింది ప్రయాణికులను ఆ సరస్సు వైపు రప్పించుకోదలచిన ఒక రైల్వే కంపెనీ. 1905లో ఫుట్‌బాల్ మైదానాలలో యువకులు వరుసగా చనిపోతుంటే అధ్యక్షుడు థియొడర్ రూజ్‌వెల్ట్ కాలేజీల పెద్దలను వైట్‌హౌస్‌కు పిలిపించి హెచ్చరించాడు. ఆ కలవరంలో 1906లో ఏర్పడి, 1910లో ఇప్పటి పేరు పెట్టుకున్నదే ఎన్‌సీఏఏ. అంటే మీ సంస్థ పుట్టింది ఆటగాళ్ల ప్రాణాలు కాపాడడానికి, వారి సంపాదనను అడ్డుకోవడానికి కాదు.

మా డాలస్ నగరంలోనే ఒక ఉదాహరణ ఉంది. దాతలు ఆటగాళ్లకు రహస్యంగా డబ్బు ఇచ్చారన్న నేరానికి సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయపు 1987 ఫుట్‌బాల్ సీజన్ మొత్తాన్ని ఎన్‌సీఏఏ రద్దు చేసింది. ఆ దెబ్బ నుంచి ఆ జట్టు కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది. అదే విశ్వవిద్యాలయం 2024లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరడం కోసం తొమ్మిదేళ్లపాటు ప్రసార ఆదాయంలో తన వాటా వదులుకోవడానికి ఒప్పుకోగా, ఆ లోటు పూడ్చడానికి దాతలు వారం తిరగకుండా 10 కోట్ల డాలర్లు పోగుచేశారు. నాడు దాతల డబ్బు మహాపరాధం, నేడు అదే డబ్బు పెద్ద కాన్ఫరెన్సులో చోటు సంపాదించిపెట్టింది. ఎవరినీ తప్పు పట్టడానికి ఈ సంగతి ఎత్తడం లేదు. నియమం ఎప్పుడు, ఎవరి అవసరాన్ని బట్టి మారుతుందో చూడమంటున్నాము.

కోర్టుల సంగతి క్లుప్తంగా. టీవీ ప్రసార హక్కులను ఎన్‌సీఏఏ తన గుప్పిట్లో పెట్టుకోవడం చెల్లదని 1984లో సుప్రీంకోర్టు చెప్పాక, పెద్ద జట్లకు ఆదాయపు గేట్లు తెరుచుకున్నాయి. 2021 జూన్‌లో, ఆటగాళ్లకు ఇచ్చే చదువు సంబంధమైన ప్రయోజనాల మీద పెట్టిన పరిమితులను ప్రశ్నించిన ఆల్‌స్టన్ కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చారు. మరే పరిశ్రమలోనైనా ఇలాంటి పద్ధతి చట్టవిరుద్ధమే అయ్యేదన్న అర్థంలో జస్టిస్ కావనా విడిగా రాసిన అభిప్రాయం మీ న్యాయవాదులకు గుర్తుండే ఉంటుంది. అదే ఏడాది జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపాలను వాణిజ్య ప్రకటనలకు ఇచ్చి సంపాదించుకునే వీలు కలిగింది. 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, గ్రాంట్ హౌస్ అనే ఆటగాడి పేరు మీద నడిచిన హౌస్ కేసు ఒప్పందం ప్రకారం, పాత ఆటగాళ్లకు సుమారు 280 కోట్ల డాలర్లు పదేళ్లలో చెల్లించాలి. 2025–26 నుంచి ఒక్కో విశ్వవిద్యాలయం ఏడాదికి 2.05 కోట్ల డాలర్ల వరకు తన ఆటగాళ్లకు నేరుగా పంచవచ్చు. ఈ పరిమితి ఏటా పెరుగుతుంది.

ఈ మార్పు సామాన్య కుటుంబాల మీద, ఆటగాళ్ల మీద ఏ విధంగా పడుతోందో మీ దృష్టికి తెస్తున్నాము.

1. జీతం వచ్చింది, ఉద్యోగం రాలేదు. విశ్వవిద్యాలయాలు ఇప్పుడు ఇస్తున్న సొమ్ము ఆడినందుకు ఇచ్చే వేతనం కాదని, ఆటగాడి పేరును, రూపాన్ని వాడుకున్నందుకు ఇచ్చే ప్రతిఫలమని కాగితాల మీద రాసుకుంటున్నారు. ఈ రాతలో మతలబు అందరికీ తెలిసిందే. వేతనం అంటే కార్మిక చట్టాలు వర్తిస్తాయి, గాయపడితే నష్టపరిహారం ఇవ్వాలి, సంఘం పెట్టుకుంటే కూర్చుని బేరమాడాలి. 1955లో కొలరాడోలో ఫోర్ట్ లూయిస్ కాలేజీ తరఫున ఆడుతూ తలకు దెబ్బ తగిలి చనిపోయిన రే డెన్నిసన్ భార్య కార్మిక నష్టపరిహారం అడిగినప్పుడు, 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు ఆమెకు కాదని చెప్పడానికి చూపిన కారణాలలో కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారంలో లేదన్నది ఒకటి. ఆనాడు ఆ మాటలో కొంత నిజం ఉండి ఉండవచ్చు. 2022లో బిగ్ టెన్ కాన్ఫరెన్సు ఏడేళ్లకు కుదుర్చుకున్న ప్రసార ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్లకు పైమాట. జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్ పోటీలకు క్రీడా టీవీ సంస్థ ఈఎస్‌పీఎన్ 2026 నుంచి ఏడాదికి 130 కోట్ల డాలర్ల లెక్కన చెల్లిస్తుంది. ఇంకా వ్యాపారం కాదంటే నమ్మేవారు ఎవరు?

2014లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ ఆటగాళ్లు సంఘం పెట్టుకోవడానికి ముందుకు వచ్చినప్పుడు, సీజన్‌లో వారు వారానికి 40 నుంచి 50 గంటలు ఆట పనికే వెచ్చిస్తున్నారని, వారు ఉద్యోగులేనని కార్మిక సంబంధాల మండలి ప్రాంతీయ అధికారి తేల్చారు. మరుసటి ఏడాది జాతీయ మండలి, వారు ఉద్యోగులా కాదా అన్నది తేల్చకుండానే, ఆ వ్యవహారంలో జోక్యం చేసుకోబోమని తప్పుకుంది. ఆ పిల్లలు అడిగినవాటిలో మొదటి వరుసలో ఉన్నది డబ్బు కాదు, వైద్యం.

ఉద్యోగ ఒప్పందం లేకపోవడం వల్ల నష్టపోతున్నది ఆటగాళ్లు మాత్రమే కాదు, మీరు కూడా. 2024 సెప్టెంబరులో నెవాడా విశ్వవిద్యాలయం లాస్‌వేగాస్ జట్టు క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపే ప్రధాన ఆటగాడు), తనకు ఇస్తామన్న సొమ్ము ఇవ్వలేదంటూ మూడు మ్యాచ్‌లు గెలిచిన జట్టును సీజన్ మధ్యలో వదిలి వెళ్లాడు. ఇస్తామన్నది ఎవరు, ఎంత, ఏ కాగితం మీద అన్న దానిపై ఇరుపక్షాలూ వేర్వేరు మాటలు చెప్పాయి. 2025 ఏప్రిల్‌లో టెనెసీ జట్టు ప్రధాన క్వార్టర్‌బ్యాక్ వసంతకాలపు శిక్షణ మధ్యలో ఆ జట్టును విడిచి కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి మారాడు. ఇటువంటివి జరిగినప్పుడల్లా క్రమశిక్షణ నశించిందని, కాలేజీ ఆట చచ్చిపోతోందని మీలో కొందరు వాపోతున్నారు. ఇరుపక్షాలనూ కట్టిపడేసే గడువుతో కూడిన ఒప్పందం కావాలంటే, అవతలివారిని ఉద్యోగులుగా ఒప్పుకోవాలి. ఒప్పుకోకుండా వారు కదలకూడదనడం ఏ చట్టానికీ నిలవదు, నిలవలేదు కూడా.

అదే సమయంలో శిక్షకుల ఒప్పందాలు మాత్రం ఎంతో పకడ్బందీగా ఉంటాయి. 2023 నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం తన ఫుట్‌బాల్ ప్రధాన శిక్షకుణ్ని తొలగించినందుకు ఇవ్వవలసి వచ్చిన సొమ్ము సుమారు 7.6 కోట్ల డాలర్లు. పని మానిపించినందుకు ఒక్క మనిషికి ఇచ్చేది, పని చేసే ఆటగాళ్లందరికీ ఒక విశ్వవిద్యాలయం ఏడాదికి ఇవ్వగల గరిష్ఠ మొత్తానికి మూడు రెట్లకు మించి ఉంది. అనేక రాష్ట్రాలలో అందరికంటే ఎక్కువ జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి గవర్నరు కాదు, ఫుట్‌బాల్ శిక్షకుడు.

2. ఒంటికి తగిలిన దెబ్బ చదువుతో ముగియదు. 2018 మే 29న మేరీలాండ్ విశ్వవిద్యాలయ ఆటగాడు జోర్డన్ మెక్‌నేర్ సాధనలో పరుగులు తీస్తూ వడదెబ్బకు కుప్పకూలాడు. వడదెబ్బ తగిలిన మనిషిని వెంటనే చన్నీళ్ల తొట్టెలో ముంచాలన్నది ఆటల వైద్యంలో అందరికీ తెలిసిన విషయం. ఆ రోజు ఆ పని జరగలేదు. జూన్ 13న అతను చనిపోయాడు. వయసు 19. విశ్వవిద్యాలయం ఆ తరువాత తన బాధ్యతను బహిరంగంగా ఒప్పుకుంది. మంచు, నీళ్లు, ఒక తొట్టె, ‘ఇక ఆపండి’ అని శిక్షకునికి ఎదురు చెప్పగల ఒక ఉద్యోగి: ఇంతకంటే ఖరీదైనది ఏదీ అక్కడ అవసరం లేదు.

కంటికి కనిపించని గాయాలు మరో సంగతి. బోస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో, చనిపోయాక మెదడును పరీక్షకు ఇచ్చిన కాలేజీ స్థాయి ఫుట్‌బాల్ ఆటగాళ్లు 53 మందిలో 48 మందికి, పదేపదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే సీటీఈ అనే మెదడు వ్యాధి కనిపించింది. జబ్బు అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా మెదడును దానం చేస్తాయి కనుక ఈ నిష్పత్తిని ఆటగాళ్లందరికీ వర్తింపజేయలేము. కాని ముప్పు లేదని ఎవరూ అనలేరు. 2024 ఆగస్టు నుంచి ఆట మానేశాక రెండేళ్ల వరకు గాయాలకు బీమా ఇస్తున్నారు, సంతోషం. మోకాలి ఆపరేషను రెండోసారి అవసరమయ్యేది ముప్పై ఏళ్లకు. మతిమరుపు మొదలయ్యేది నలభైలలో, యాభైలలో. కాలేజీ ఆటగాళ్లలో నూటికి ఇద్దరు కూడా వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరరు. తక్కినవారికి ఆ వయసులో వైద్యం చేయించేది ఎవరు?

3. సొమ్మొకడిది, సోకొకడిది. ప్రధాన కాన్ఫరెన్సుల బయట ఉన్న అనేక ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో ఆటల విభాగం ఖర్చులో పెద్ద భాగం టికెట్ల నుంచో టీవీ నుంచో రావడం లేదు. విద్యార్థులు తప్పనిసరిగా కట్టే రుసుముల నుంచి, విశ్వవిద్యాలయపు సాధారణ నిధి నుంచి వస్తోంది. పెద్ద జట్లతో పోటీలో వెనకబడకూడదని ఈ చిన్న విశ్వవిద్యాలయాలు కూడా ఆటగాళ్లకు చెల్లించడం మొదలుపెడితే, మరో ఆదాయం లేని చోట పెరిగేది ఆ రుసుమే.

మా బంధువుల అబ్బాయి ఒకడు ఎం.ఎస్. చదువుతున్నాడు. అతని ఫీజు బిల్లులో ట్యూషన్, కంప్యూటర్ సేవల రుసుము, గ్రంథాలయ రుసుము, విదేశీ విద్యార్థి రుసుము, ఆరోగ్య బీమా దాటి కిందికి వస్తే ఆటల రుసుము అని ఒక వరుస కనిపిస్తుంది. దాన్ని వద్దనుకునే వీలు లేదు. ఆ అబ్బాయి వీసా ప్రకారం చదువు సాగుతున్న రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. భోజనశాలలో పళ్లేలు సర్దుతూ ఆ ఇరవై గంటలూ పని చేస్తాడు. ఇంటి దగ్గర అతని తండ్రి పొలం మీద, ఇంటి మీద తెచ్చిన బ్యాంకు అప్పుకు వడ్డీ నడుస్తూ ఉంటుంది. శనివారం సాయంత్రం స్టేడియంలో ఆట జరుగుతుంటే అతను భోజనశాలలో ఉంటాడు. ఏ ఆటగాడి మీదా అతనికి కోపం లేదు, మాకూ లేదు. ఆ ఆటగాడికి చెల్లించే స్థోమత ఉన్నది ప్రసార సంస్థకు, ప్రకటనదారుకు, ఇష్టపడి టికెట్ కొనే ప్రేక్షకునికి. ఈ విషయంలో టెనెసీ విశ్వవిద్యాలయం చేసిన పని మాకు నిజాయితీగా తోచింది: ఆటగాళ్లకు చెల్లించడానికేనని ముఖం మీదే చెప్పి సీజన్ టికెట్ల మీద 10 శాతం అదనపు రుసుము వేసింది. నచ్చనివారు టికెట్ కొనడం మానుకోవచ్చు. ఫీజు బిల్లు కట్టడం మానుకునే స్వేచ్ఛ విద్యార్థికి లేదు.

4. చిన్న ఆటలు బలి అవుతున్నాయి. హౌస్ ఒప్పందం పాత ఉపకారవేతనాల పరిమితిని తీసివేసి, దాని స్థానంలో జట్టులో ఇంతమందే ఉండాలన్న పరిమితి పెట్టింది. ఫుట్‌బాల్‌కు ఆ సంఖ్య 105. ప్రతి ఆటకూ ఒక సంఖ్య వచ్చింది. దాంతో ఉపకారవేతనం అడగకుండా, సొంత ఖర్చుతో చదువుకుంటూ, జట్టులో చోటు దొరికితే చాలనుకున్న పిల్లలే ముందుగా బయటికి పోయారు. మా అమ్మాయి వారిలో ఒకతె. తెల్లవారుజామున ఐదున్నరకు కొలనులో దిగే అలవాటు ఆమెకు పదేళ్ల వయసు నుంచి ఉంది. ఒప్పందం ఇంకా ఆమోదం పొందకముందే, వసంతకాలంలో, వచ్చే ఏడాది జట్టులో చోటు లేదని శిక్షకురాలు పిలిచి చెప్పారు. లాకరు మీద ఆమె పేరున్న పట్టీని ఊడదీసి చేతికిచ్చారు. ఆవిడ చేతుల్లో ఏమీ లేదని, ఆవిడ కూడా బాధపడ్డారని మాకు తెలుసు.

న్యాయమూర్తి విల్కెన్ సరిగ్గా ఈ అన్యాయాన్నే గుర్తించి, 2025 ఏప్రిల్‌లో ఒప్పందాన్ని ఆమోదించకుండా నిలిపి, ఇలా తీసివేతకు గురైన పిల్లలకు దారి చూపమన్నారు. మీ న్యాయవాదులు చూపిన దారి ఏమిటంటే, అటువంటి పిల్లల పేర్లు ఒక జాబితాలో రాస్తారు, వారిని తిరిగి తీసుకుంటే ఆ సంఖ్య పరిమితిలోకి రాదు, తీసుకోవడం తీసుకోకపోవడం విశ్వవిద్యాలయం ఇష్టం. మా అమ్మాయి పేరు జాబితాలోకి వచ్చింది. పిలుపు రాలేదు. మేము రాసిన ఉత్తరాలకు విశ్వవిద్యాలయం బదులు ఇవ్వలేదు.

కొన్ని చోట్ల ఆటలే ఎత్తివేశారు. కాలిఫోర్నియాలోని కాల్ పాలీ 2025 మార్చిలో ఈత, డైవింగ్ జట్లను రద్దు చేసింది. పెన్సిల్వేనియాలోని సెయింట్ ఫ్రాన్సిస్ విశ్వవిద్యాలయం అదే నెలలో, ఎన్‌సీఏఏ మూడు శ్రేణుల్లో పైదైన మొదటి శ్రేణిని వదిలి ఆటల ఉపకారవేతనాలే ఉండని మూడో శ్రేణికి దిగిపోతామని ప్రకటించింది. ఒలింపిక్స్‌కు వెళ్లే అమెరికా ఈతగాళ్లలో, అథ్లెట్లలో అత్యధికులను తయారుచేసేది ఈ కాలేజీ జట్లే. దీని ప్రభావం మా సొంత రాష్ట్రాల దాకా కూడా వస్తుంది. హైదరాబాదుకు చెందిన టెన్నిస్ క్రీడాకారిణి సహజ యామలపల్లి మా టెక్సాస్‌లోని శామ్ హ్యూస్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం తరఫున ఆడారు. భారతదేశంలో చదువునూ ఆటనూ ఒకేచోట సాగించే ఏర్పాటు తక్కువ కాబట్టి, మధ్యతరగతి టెన్నిస్ పిల్లలకు అమెరికా కాలేజీ జట్టు ఒక పెద్ద ఆసరా. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు ఆటల విభాగాల కన్ను ముందుగా పడేది టెన్నిస్ మీదే.

5. ఆడపిల్లల వాటా. పాత ఆటగాళ్లకు ఇవ్వవలసిన సొమ్ములో అత్యధికం పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకే పోతుంది. కొత్తగా పంచే సొమ్ములోనూ చాలా విశ్వవిద్యాలయాలు దాదాపు అదే దామాషా పాటిస్తున్నాయి. స్త్రీపురుషుల మధ్య వివక్ష కూడదన్న 1972 నాటి టైటిల్ నైన్ చట్టం దీనికి వర్తిస్తుందని విద్యాశాఖ 2025 జనవరిలో చెప్పింది. ప్రభుత్వం మారగానే ఫిబ్రవరిలో ఆ మాట వెనక్కు తీసుకుంది. పాత సొమ్ము పంపకం మీద కొందరు క్రీడాకారిణులు అప్పీలుకు వెళ్లారు. ఫుట్‌బాల్ సంపాదించినది ఫుట్‌బాల్ ఆటగాళ్లకు వేతనంగా వెళ్లడంలో న్యాయం ఉందని మా అభిప్రాయం. కాని మీరు దాన్ని వేతనం అనకుండా విద్యార్థులకు ఇచ్చే మేలుగా చూపినంత కాలం, విద్యార్థినులకు సమానంగా ఎందుకు ఇవ్వరన్న ప్రశ్నకు మీ దగ్గర జవాబు ఉండదు.

6. విదేశీ విద్యార్థులు ఎటూ కాకుండా ఉన్నారు. మొదటి శ్రేణి కాలేజీ టెన్నిస్‌లో సగానికి పైగా విదేశాల వారే. వీరిలో అత్యధికులు విద్యార్థి వీసా మీద ఉన్నవారు. ప్రకటనల్లో కనిపిస్తే, ఆదాయంలో వాటా తీసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగం అవుతుందేమోనన్న భయం వారిని వెంటాడుతోంది. పర్డ్యూ జట్టుకు కొండంత అండగా నిలిచిన కెనడా బాస్కెట్‌బాల్ ఆటగాడు జాక్ ఈడీకి కూడా ఈ వీసా ఆంక్షలు తప్పలేదు. పొరపాటు జరిగితే పోయేది ఒక సీజన్ కాదు, ఈ దేశంలో ఉండే అర్హత.

కాన్ఫరెన్సుల విషయం ఒక్క మాటలో. బిగ్ టెన్‌లో ఇప్పుడు 18 జట్లు, అట్లాంటిక్ కోస్ట్‌లో పసిఫిక్ తీరపు స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ. ఫుట్‌బాల్ టీవీ సొమ్ము కోసం గీసిన ఈ పటం మీద, ఏ టీవీ సొమ్మూ తేని వాలీబాల్, సాఫ్ట్‌బాల్ పిల్లలు వారం మధ్యలో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు విమానాల్లో తిరుగుతూ పరీక్షలకు చదువుకోవాలి.

ఇప్పుడు మా కోరికలు.

ప్రధాన కాన్ఫరెన్సులలో ఫుట్‌బాల్ ఆడేవారిని ఉద్యోగులుగా గుర్తించండి. వారి సంఘంతో బేరమాడి, గడువు, జీతం, బదిలీ నిబంధనలు ఉన్న రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. ప్రతినిధుల సభలో మీరు గట్టిగా బలపరచిన స్కోర్ బిల్లు, ఆటగాళ్లను ఉద్యోగులుగా గుర్తించకూడదంటూనే మీకు గుత్తాధిపత్య వ్యతిరేక చట్టం నుంచి రక్షణ ఇవ్వజూస్తోంది. 2025 డిసెంబరులో అది ఓటింగు దాకా వచ్చి ఆగింది. బేరమాడే బాధ్యత లేకుండా చట్టపు రక్షణ మాత్రం కావాలనడం న్యాయం కాదు కనుక, ఆ రూపంలో ఆ బిల్లుకు మీ మద్దతు ఉపసంహరించుకోండి.

ఆటలో తగిలిన గాయానికి రెండేళ్ల గడువు తీసివేయండి. ఆ గాయం వల్ల ఎప్పుడు వైద్యం అవసరమైనా చెల్లించే నిధి ఒకటి ప్రసార ఆదాయం నుంచి ఏర్పాటు చేయండి. జట్టు వైద్యుడు, శిక్షణ వైద్య సిబ్బంది ప్రధాన శిక్షకుని కింద కాక విశ్వవిద్యాలయ వైద్య విభాగం కింద పని చేయాలి.

విద్యార్థుల నుంచి తప్పనిసరిగా వసూలు చేసే రుసుములో ఒక్క డాలరు కూడా ఆటగాళ్ల చెల్లింపులకు గాని, శిక్షకుల తొలగింపు పరిహారానికి గాని వాడబోమని పాలకమండళ్లు తీర్మానం చేయాలి. ఆటల రుసుము ఎంత, అందులో ఏ ఆటకు ఎంత పోయిందన్నది ప్రతి ఏడాదీ ఫీజు బిల్లుతో పాటే విద్యార్థికి తెలపాలి.

ఫుట్‌బాల్ లెక్కలను, కాన్ఫరెన్సును తక్కిన ఆటల నుంచి వేరు చేయండి. ఈత, టెన్నిస్, పరుగు, వాలీబాల్ జట్లను దగ్గరి విశ్వవిద్యాలయాలతో ఆడనివ్వండి. ఉపకారవేతనం తీసుకోని పిల్లలను జట్టు సంఖ్య పరిమితిలో లెక్కించకండి. జాబితాలో పేరుండీ పిలుపు రానివారిని, వారి అర్హతా కాలం ముగిసేలోగా, తిరిగి తీసుకోవడం తప్పనిసరి చేయండి. అమెరికాలో నిజంగా డబ్బు ఆశించకుండా ఆడుతున్నవారు ఈ పిల్లలే. మూడో శ్రేణి కాలేజీలలో ఉపకారవేతనం లేకుండా ఆడేవారు రెండు లక్షలకు అటూ ఇటూగా ఉన్నారు, ఆటల ఉపకారవేతనాలు ఇవ్వని హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ విశ్వవిద్యాలయాల పిల్లలు సరేసరి. మీరు కాపాడతామంటున్న ఔత్సాహిక క్రీడ అంటూ ఒకటి ఉంటే అది వారి దగ్గర ఉంది, లక్షమంది కూర్చునే స్టేడియంలో లేదు.

విద్యార్థి వీసా మీద ఉన్న ఆటగాళ్లకు ఏది అనుమతి, ఏది కాదన్న దానిపై హోంలాండ్ సెక్యూరిటీ శాఖ నుంచి రాతపూర్వక వివరణ మీరే అడిగి తెప్పించండి. ఆ వివరణ వచ్చేదాకా వారి వాటాను విడిగా జమచేసి ఉంచండి.

వచ్చే విద్యా సంవత్సరపు రుసుములను పాలకమండళ్లు సాధారణంగా వసంతకాలపు సమావేశాలలో ఖరారు చేస్తాయి. రుసుము విషయంలో మా కోరికను ఆ సమావేశపు కార్యక్రమ పత్రంలో చేర్చవలసిందిగా, తక్కినవాటికి అవునో కాదో కారణాలతో సహా రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాము. ఆ సమావేశాలు బహిరంగమైనవి. మాట్లాడడానికి సమయం కావాలని మా పేర్లు ముందే నమోదు చేయించుకుంటున్నాము. బదులు వచ్చినా రాకున్నా వస్తాము.

ఇట్లు,
డాలస్ పరిసరాల తెలుగు తల్లిదండ్రులు, విద్యార్థుల తరఫున
ఒక క్రీడాకారిణి తల్లి